అంకె పక్కన అక్షరం

మా ఇంటికి వంద ఎంబీపీఎస్ ఇంటర్నెట్ పెట్టించుకున్న వారానికే కనెక్షన్ ఇచ్చిన వాళ్లకు ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నాను. ల్యాప్‌టాప్‌లో ఒక పెద్ద ఫైలు డౌన్‌లోడ్ చేస్తుంటే స్పీడు దగ్గర 11.3 అని కనపడింది. వందకు డబ్బు కట్టించుకుని పదకొండు ఇస్తారా? "పాలలో నీళ్లు కలిపేవాళ్లు కూడా సగం పాలు పోస్తారయ్యా, మీరు పదో వంతే పోస్తున్నారు" అన్నాను. డైలాగు బాగా పేలిందనుకున్నాను అప్పటికి.

మధ్యాహ్నం ఒక కుర్రాడు వచ్చాడు. భుజాన వైరు చుట్ట, జేబులో కటింగ్ ప్లయర్. నేను ఫోన్లో చెప్పిందంతా మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. రూటర్ నుంచి వైరు తీసి నేరుగా నా ల్యాప్‌టాప్‌కి పెట్టి స్పీడ్ టెస్ట్ నడిపాడు. 94 వచ్చింది.

"వస్తోంది కద సార్."

"మరి ఈ పదకొండేమిటి?"

"అది పెద్ద బి సార్. ఇది చిన్న బి."

అంతే. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మంచినీళ్లిస్తానన్నా ఆగలేదు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో మెగాబిట్లకేం పని అని మీకు అనిపించవచ్చు. నా కోపాల చిట్టా ఒకటి రాసుకుంటే చాలావాటికి మూలం ఆ మధ్యాహ్నం లాంటిదే. అంకె చూశాను, అది దేని అంకో అడగలేదు. జీతంలో నెలకా ఏడాదికా, పొలంలో ఎకరాకా సెంటుకా, వడ్డీలో నూటికి నెలకా సంవత్సరానికా... ఇవన్నీ అడగడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. రెండు రూపాయల వడ్డీ అంటే అది నూటికి, నెలకు అని తెలుగు పల్లెల్లో చదువు లేని వాళ్లకు కూడా తెలుసు. అదే మనుషులం ఇంటర్నెట్ బిల్లు ముందు మాత్రం నోరు మూసుకుంటాం. అడిగితే తెలియదని తెలిసిపోతుందేమోనని బెరుకు. ఈ అధ్యాయం ఆ బెరుకు పోగొట్టుకోవడానికి. కావలసిన లెక్కలు నాలుగో తరగతివే.

ముందు ఆ కుర్రాడి మాట. ఇంగ్లిషులో ఎంబీపీఎస్ అని రాసేటప్పుడు మధ్యలో బి చిన్నది అయితే బిట్టు, పెద్దది అయితే బైటు. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. కనెక్షన్లు, టవర్లు, కేబుళ్లు, స్పీడ్ టెస్టులు చిన్న బి లో మాట్లాడతాయి. ఫైళ్లు, పెన్‌డ్రైవ్‌లు, డౌన్‌లోడ్ కిటికీలు పెద్ద బి లో మాట్లాడతాయి. ఒకే కంప్యూటర్లో రెండు భాషలు నడుస్తుంటాయి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే నెట్‌వర్క్ వేగం బిట్లలో ఉంటుంది, పక్కనే బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ వేగం బైట్లలో ఉంటుంది. కొన్ని ఫోన్లలో పైన గడియారం పక్కన కనిపించే వేగం కూడా బైట్లే.

మనకు ఇంకో చిక్కు ఉంది. తెలుగు లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. పత్రికలో 'వంద ఎంబీపీఎస్' అని అచ్చయితే అది ఏ బి యో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఒక్క దీర్ఘం తేడాతో పలు పాలైపోతుందని పిల్లలకు చెప్పే మనం, ఎనిమిది రెట్ల తేడా ఉన్న రెండు మాటల్ని ఒకే స్పెల్లింగ్‌తో రాస్తున్నాం. అందుకే ఇక్కణ్నుంచి నేను పొట్టి రూపాలు మానేసి మెగాబిట్లు, మెగాబైట్లు అని పూర్తిగా రాస్తాను. మీరూ ఫిర్యాదు రాసేటప్పుడు అలాగే రాయండి. అవతలివాడు తప్పించుకునే సందు తగ్గుతుంది.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. బిట్ అనే మాట అచ్చులోకి వచ్చింది 1948లో, క్లాడ్ షానన్ రాసిన వ్యాసంతో. మాట తనది కాదని, జాన్ టుకీ సూచించాడని అందులోనే చెప్పాడు. బైట్ అనే మాటను 1956లో ఐబీఎంలో వెర్నర్ బుక్‌హోల్జ్ పుట్టించాడు. ఇంగ్లిషులో కొరకడం, కొరికినంత ముక్క అనే అర్థమున్న మాట అది. అయితే దాన్ని మామూలు స్పెల్లింగ్‌తో రాస్తే చివరి అక్షరం జారిపోయినప్పుడు బిట్ అయిపోతుందని భయపడి, కావాలనే మధ్యలో అక్షరం మార్చాడు. అంత జాగ్రత్త పడ్డాడు పాపం. తీరా పొట్టిగా రాసేసరికి రెండూ బి అయి కూర్చున్నాయి.

ఎనిమిదితో భాగించడం చాలామందికి నోటి లెక్కగా రాదు. మా అమ్మమ్మకు వచ్చేది, భాగహారం అనే మాట తెలియకుండానే. ఆమె కాలపు కొలతలు గుర్తు చేసుకోండి. కుంచంలో సగం అడ్డ. అడ్డలో సగం మానిక. మానికలో సగం తవ్వ. అంటే కుంచానికి ఎనిమిది తవ్వలు. బైటు కుంచమైతే బిట్టు తవ్వ. మీ కనెక్షన్ సెకనుకు వంద తవ్వలు పోస్తోందంటే ఎన్ని కుంచాలు? మూడుసార్లు సగం చేయండి. వంద తవ్వలు యాభై మానికలు, పాతిక అడ్డలు, పన్నెండున్నర కుంచాలు. వంద మెగాబిట్లు అంటే పన్నెండున్నర మెగాబైట్లు. నలభై అయితే ఇరవై, పది, ఐదు. మూడు వందలయితే నూట యాభై, డెబ్భై ఐదు, ముప్ఫై ఏడున్నర. వెనక్కి వెళ్లాలంటే మూడుసార్లు రెట్టింపు. తెర మీద రెండు మెగాబైట్లు కనిపిస్తోందా? నాలుగు, ఎనిమిది, పదహారు. మీ లైను పదహారు మెగాబిట్లు నడుస్తోంది.

కుంచం కూడా అన్ని ఊళ్లలో ఒకటి కాదు కదా అని మీలో పెద్దవాళ్లు అంటారు. నిజమే, బైటుకూ అదే జరిగింది. మొదట్లో ఒక్కో యంత్రంలో ఒక్కో బైటు ఒక్కో పొడుగు. ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్ 360 తర్వాతే ఎనిమిది ఖాయమవుతూ వచ్చింది. టెలికాం ఇంజనీర్లు ఈ గొడవ ఎందుకని బైట్ అనడం మానేసి ఆక్టెట్ అన్నారు. ఎనిమిది ఉన్నది అని అర్థం. వాళ్ల పుస్తకాల్లో ఇప్పటికీ అదే మాట.

పన్నెండున్నర పదకొండు ఎలా అయింది?

కుర్రాడు వెళ్లాక కాగితం తీసుకుని కూర్చున్నాను. వందను ఎనిమిదితో భాగిస్తే 12.5. తెర మీద 11.3. నా పాలల్లో నీళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. ఈసారి అరవకుండా వెతికాను.

మొదటి తరుగు కవరు బరువు. ఉత్తరాన్ని ఊరికే పోస్టు డబ్బాలో వెయ్యం కదా, కవరులో పెట్టి చిరునామా రాసి అంటిస్తాం. డేటా కూడా అంతే. లాన్ వైరు మీద మామూలుగా ఒక్కో ప్యాకెట్ 1,500 బైట్లు. అందులో 40 బైట్లు చిరునామాలకూ వరస నంబర్లకూ పోతాయి, సరుకు 1,460. ప్యాకెట్ చుట్టూ వైరు కోసం మరో 38 బైట్లు కావాలి. ముందు హెచ్చరిక, వెనక తనిఖీ అంకె, ప్యాకెట్‌కూ ప్యాకెట్‌కూ మధ్య ఖాళీ అన్నీ ఇందులోకే వస్తాయి. అంటే వైరు 1,538 బైట్లు మోస్తే మనకు చేరేది 1,460. నూటికి దాదాపు 95. అందుకే స్పీడ్ టెస్ట్ 94 దగ్గర ఆగింది. వంద మెగాబిట్లలో సరుకు 94.9. మూడుసార్లు సగం చేస్తే 11.87 మెగాబైట్లు.

ఇంకా అర మెగాబైటు తేలలేదు. అది వెయ్యికీ వెయ్యిన్నీ ఇరవైనాలుగుకీ ఉన్న పాత తగాదా. కంప్యూటర్ మెమరీ రెండు రెండుగా పెరుగుతుంది. రెండును పదిసార్లు హెచ్చవేస్తే 1,024. వెయ్యికి దగ్గరే కదా అని పాతకాలపు వాళ్లు దాన్నే కిలో అన్నారు. కిలో దగ్గర రెండున్నర శాతం లోపే ఉన్న తేడా మెగా దగ్గరకు వచ్చేసరికి ఐదు శాతం, గిగా దగ్గర ఏడు దాటుతుంది. విండోస్ ఇప్పటికీ 10,48,576 బైట్లను ఒక మెగాబైటుగా లెక్కేస్తుంది. 11.87ను ఆ లెక్కలోకి మారిస్తే 11.3.

ఎవరూ ఒక్క చుక్క నీళ్లు కలపలేదు. నా వంద నాకు పూర్తిగా వస్తోంది. ఆ ఆఫీసుకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పానా? లేదు. ఆ నెల బిల్లు మాత్రం గడువుకు పది రోజుల ముందే కట్టేశాను.

ఈ తగాదా తీర్చడానికి అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 1998లో కొత్త పేర్లు పెట్టింది. 1,024 లెక్కయితే కిబి, మెబి, గిబి అనాలని. పాపం ఆ పేర్లు పుస్తకాలు దాటి బజారుకు రాలేదు. ఒక టెరాబైటు హార్డ్ డిస్క్ కొన్నవాడికి విండోస్‌లో 931 గిగాబైట్లే కనిపించి, షాపువాడి మీద అనుమానం రావడం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. డిస్క్ చేసినవాడు వెయ్యితో లెక్కేశాడు, విండోస్ 1,024తో లెక్కేసింది. అంతకు మించి ఏమీ లేదు. మీరు గుర్తు పెట్టుకోవలసింది ఇంతే: వేగం చెప్పేటప్పుడు టెలికాం వాళ్ల కిలో ఎప్పుడూ వెయ్యే. కిలోబిట్లను మెగాబిట్లలోకి మార్చేటప్పుడు 1,024 జోలికి పోవద్దు. పోటీ పరీక్షల పిల్లలు ఎక్కువగా పడేది ఈ గోతిలోనే.

రోజువారీ అవసరానికి ఇంత సూక్ష్మం అక్కర్లేదు. నేనైతే ఒక సున్నా కొట్టేస్తాను. వంద మెగాబిట్లా, సుమారు పది మెగాబైట్లు. నలభయ్యా, నాలుగు. కవరు బరువు, 1,024 గొడవ, సర్వర్ బద్ధకం అన్నీ ఆ కొట్టేసిన సున్నాలో సర్దుకుంటాయి. మూడు గిగాబైట్ల సినిమాకు నలభై మెగాబిట్ల లైను మీద ఎంతసేపు? మూడు వేలను నాలుగుతో భాగిస్తే 750 సెకన్లు, పన్నెండున్నర నిమిషాలు. అన్నం తినే లోపు వస్తుంది.

క్యూసెక్కు, టీఎంసీ

తెలుగు పత్రిక చదివేవాళ్లకు ఈ విషయం ఇంకొకలా చెప్పనవసరం లేదు. వానాకాలం వస్తే శ్రీశైలానికి ఇన్‌ఫ్లో ఎన్ని క్యూసెక్కులు, సాగర్‌లో నిల్వ ఎన్ని టీఎంసీలు అని రోజూ మొదటి పేజీలో ఉంటుంది. క్యూసెక్కు పారే వేగం, సెకనుకు ఒక ఘనపుటడుగు. టీఎంసీ నిలిచిన నీరు, వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. గోదావరి, కృష్ణా డెల్టా రైతులు ఈ లెక్క రచ్చబండ మీద కూర్చుని నోటితో వేస్తారు. "లక్ష క్యూసెక్కులొస్తున్నాయంటే రోజుకి ఎనిమిదిన్నర టీఎంసీలు" అనేస్తారు. ఆ బుర్రకు మెగాబిట్లు ఒక లెక్కా!

మెగాబిట్లు క్యూసెక్కులు. గిగాబైట్లు టీఎంసీలు. వేగానికి గంటలు జోడిస్తేనే నిల్వ వస్తుంది. "నాకు రోజుకు ఒకటిన్నర జీబీ స్పీడు" అనే మాట ఇప్పటికీ వింటుంటాను. అది స్పీడు కాదు, చెరువు. కాలువ ఎంత పెద్దదైతే చెరువు అంత తొందరగా ఖాళీ అవుతుంది. ఒకటిన్నర గిగాబైట్లంటే 12,000 మెగాబిట్లు. ఇరవై మెగాబిట్ల వేగంతో నికరంగా లాగితే 600 సెకన్లు, పదంటే పది నిమిషాలు. పొద్దున్నే ఫోన్ తనంతట తను అప్‌డేట్లు దించుకుంటే కాఫీ చల్లారే లోపు రోజు కోటా అయిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ ఫుల్ హెచ్‌డీకి ఐదు మెగాబిట్లు ఉండాలంటుంది. అంత వేగమూ పూర్తిగా వాడుకుంటే గంటకు 2.25 గిగాబైట్లు, అంటే ఒకటిన్నర గిగాబైట్ల కోటా నలభై నిమిషాల ముచ్చట. హీరో పరిచయమై రెండో పాట మొదలయ్యే వరకు.

11,574 లాంటి తాళంచెవి మనకూ ఒకటి కావాలి. అది 10.8. ఒక మెగాబిట్ వేగం రోజంతా నడిస్తే 86,400 మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే 10,800 మెగాబైట్లు, అంటే 10.8 గిగాబైట్లు. ఈ ఒక్క అంకె మా బావకు ముందే తెలిసి ఉంటే బాగుండేది.

బావకు మెడికల్ షాపు ఉంది. నాలుగు సీసీ కెమెరాలు, రెండు టెరాబైట్ల హార్డ్ డిస్క్ పెట్టించాడు. పెట్టినవాడు నెల రోజులు రికార్డు ఉంటుందన్నాడు. ఒకసారి స్టాక్‌లో ఒక పెట్టె తగ్గింది. దింపిన రోజు ఎవరు అందుకున్నారో చూద్దామని వెనక్కి వెళ్తే ఆ తేదీ లేదు. ఇరవై ఆరు రోజుల కిందటి సంగతి అది. పెట్టినవాడు మోసం చేశాడని నాకు ఫోన్.

"బావా, సెట్టింగ్స్‌లోకి వెళ్లి బిట్ రేట్ దగ్గర ఎంతుందో చదువు."

"2048 అని ఉంది. పక్కన కేబీపీఎస్."

"నాలుగింటికీ అంతేనా?"

"నాలుగింటికీ అంతే. ఏం, తక్కువా?"

2,048 కిలోబిట్లంటే 2.048 మెగాబిట్లు. నాలుగు కెమెరాలకు 8.192. దాన్ని 10.8తో హెచ్చవేస్తే రోజుకు 88.5 గిగాబైట్లు. రెండు వేల గిగాబైట్ల డిస్క్ ఇరవై రెండు రోజులకు నిండుతుంది. ఇరవై మూడో రోజు సాయంత్రానికి పాతదాని మీద కొత్తది రాసుకోవడం మొదలుపెడుతుంది. పెట్టినవాడు మోసగాడు కాదు, లెక్క వెయ్యనివాడు. కోపం వచ్చినప్పుడు ఆ ఇద్దరి మధ్య తేడా కనపడదు. బావ నాలుగు టెరాబైట్ల డిస్క్ వేయించుకున్నాడు. నలభై ఐదు రోజులొస్తుంది. పెట్టె మాత్రం దొరకలేదు.

ఆ 2,048 చూసి అది 1,024కు రెట్టింపు కదా, కాబట్టి సరిగ్గా రెండు మెగాబిట్లు కదా అని అనకండి. వేగంలో కిలో వెయ్యే అని చెప్పుకున్నాం. టెలిఫోన్ ప్రపంచంలో ఇదే అంకె చాలా పాతది. మాట వినపడటానికి మనిషి గొంతులో 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉన్న భాగం చాలని టెలిఫోన్ వాళ్లు తేల్చారు. ఆ గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను ఎనిమిది బిట్లలో రాస్తే 64,000 బిట్లు. ఒక ఫోన్ కాల్‌కు 64 కిలోబిట్లు అలా స్థిరపడింది. అలాంటివి ముప్ఫై రెండు ఒక కట్టగా కడితే 2,048 కిలోబిట్లు. మన దేశం, యూరప్ వాడే ఆ కట్ట పేరు ఈ-వన్. ముప్ఫై రెండులో ముప్ఫై మాటలకు, రెండు పెత్తనానికి. అమెరికా వాళ్లు ఇరవై నాలుగే కట్టి టీ-వన్ అన్నారు, 1,544 కిలోబిట్లు. అక్కడ పనిచేసే మన పిల్లలు పాత ఆఫీసు కాగితాల్లో టీ-వన్ చూసి ఇక్కడి ఈ-వన్‌తో సమానమనుకుంటారు. దాదాపు పాతిక శాతం తక్కువ.

ఈ 64 మీ జీవితంలోకి ఇంకో దారిలో వస్తుంది. రోజు కోటా అయిపోయాక చాలా మొబైల్ ప్లాన్లలో వేగం 64 కిలోబిట్లకు పడిపోతుంది. 'అపరిమిత డేటా' అని పెద్దక్షరాల్లో రాసి కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాసేది దీన్నే. మూడుసార్లు సగం చేయండి, సెకనుకు ఎనిమిది కిలోబైట్లు. నాలుగు మెగాబైట్ల పెళ్లి ఫోటో ఒకటి పంపడానికి 500 సెకన్లు, ఎనిమిది నిమిషాలు దాటుతుంది. రాతలో రెండు ముక్కల కబురు మాత్రం చిటికెలో పోతుంది. అందుకే "నెట్ ఉంది కానీ లేదు" అనిపిస్తుంది. కిలో, మెగా మధ్య ఉన్నది వెయ్యి రెట్లు. బిట్టు, బైటు తేడాకు గొడవపడేవాళ్లం ఈ వెయ్యి రెట్ల మాటను చదవకుండా సంతకం పెడతాం.

మన దేశంలో సామాన్యుడికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. నెట్ సెంటర్లలో ఎంసెట్ ఫలితాల కోసం గంటకింత అని కట్టి కూర్చున్న తరానికి 56 కిలోబిట్ల మోడెం చేసే కీచు చప్పుడు ఇంకా చెవిలో ఉండే ఉంటుంది. ఐదు మెగాబైట్ల పాటకు అది మంచి ఊపు మీద ఉన్న రోజున పన్నెండు నిమిషాలు తీసుకునేది. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ అని పిలవడానికి 256 కిలోబిట్లు చాలంది. 2013లో అది 512 అయింది, 2023 జనవరిలో రెండు మెగాబిట్లు అయింది. చట్టం దృష్టిలో ఇప్పటికీ కనీసం అంతే. మీకు వంద వస్తోందంటే యాభై రెట్లు నడుస్తున్నట్టు. బాడ్ అనే మాట కూడా ఆ మోడెంల కాలంలో వినేవాళ్లం. అది వైరు మీద సెకనుకు ఎన్నిసార్లు సంకేతం మారుతుందో చెప్పే లెక్క. ఒక్కో మార్పులో నాలుగు బిట్లు ఇమిడితే 600 బాడ్‌లు 2,400 బిట్లవుతాయి. ఇప్పుడు ఇళ్లలో దాంతో పని లేదు, వదిలేద్దాం.

తెలుగుకు మాత్రం బిట్ల లెక్క వేరుగా తగులుతుంది, అది చెప్పుకోవాలి. ఎస్సెమ్మెస్ ఒకదానిలో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిషు అక్షరానికి ఏడు బిట్లు చాలు. 140ని ఎనిమిదితో హెచ్చవేసి ఏడుతో భాగిస్తే 160 అక్షరాలు. తెలుగుకు పదహారు బిట్లు కావాలి కాబట్టి 70. ఆ డెబ్భై కూడా మనం లెక్కించే అక్షరాలు కావు. గుణింతం గుర్తు ఒకటి, హల్లు ఒకటి. 'తెలుగు' మన కంటికి మూడక్షరాలు, ఫోనుకు ఆరు. వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం పద్దెనిమిది బైట్లు, 144 బిట్లు. తెలుగులో నాలుగు మాటలు రాస్తే రెండు ఎస్సెమ్మెస్‌ల డబ్బు పోయిన రోజులు అందుకే.

ఇక మీ పని. ఇంట్లో ఇంటర్నెట్ బిల్లు తీసి, అందులో వేగం ఉన్న చోట వేలు పెట్టండి. పక్కన ఏ బి ఉందో చూసి, మూడుసార్లు సగం చేసి, ఆ అంకెను పెన్సిల్‌తో అక్కడే రాయండి. తర్వాత వైరు నేరుగా పెట్టి ఒక పెద్ద ఫైలు డౌన్‌లోడ్ చేసి చూడండి. వైఫై మీద చూడకండి. గోడ, ఫ్రిజ్, పక్కింటి రూటర్ అందులో దూరి లెక్క పాడుచేస్తాయి. రాత్రి తొమ్మిదికి ఒకసారి, తెల్లవారి ఐదుకి ఒకసారి చూడండి. రెండింటికీ తేడా బాగా ఉంటే అది మార్పిడి లెక్క కాదు, వీధి లెక్క. జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఒక పోగు మీద కిందికి వచ్చేది మొత్తం 2,488 మెగాబిట్లు. దాన్ని ముప్ఫై రెండు ఇళ్లకు పంచితే, అందరూ ఒకేసారి ఆబగా లాగినప్పుడు ఇంటికి 78 లోపే వస్తుంది. మామూలుగా అందరూ ఒకేసారి లాగరు కాబట్టి నడిచిపోతుంది, క్రికెట్ ఫైనల్ రోజున తప్ప. అప్పుడు ఫోన్ చేయవచ్చు. చేసినప్పుడు "నెట్ స్లోగా ఉంది" అనకండి. "మీరు చెప్పింది వంద మెగాబిట్లు, వైరు పెట్టి చూస్తే రాత్రి నలభై, పొద్దున తొంభై నాలుగు" అనండి. అవతలి గొంతు మారడం మీకే వినపడుతుంది.

మళ్లీ మా ఇంటికి వస్తాను. ఈ సంవత్సరం ప్లాన్ రెండు వందలకు పెంచుకున్నాం. సాయంత్రం కూర్చుని డౌన్‌లోడ్ పెట్టాను. తెర మీద 11.3.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, పెట్టేశాను. రెండు వందలు రావాల్సిన చోట నూట ముప్ఫయ్యో, నూట యాభయ్యో వస్తే వీధిని అనుమానించవచ్చు. సరిగ్గా 11.3, అదీ ఆ పాత 11.3 రావడమంటే ఎక్కడో ఒక తలుపు వందకు బిగుసుకుపోయి ఉంది. లాన్ వైరు ఊడదీసి క్లిప్పు వెలుతురులో పెట్టి చూశాను. లోపల ఎనిమిది పోగులుండాలి. వంద మెగాబిట్లకు నాలుగు చాలు, అంతకు మించి కావాలంటే ఎనిమిదీ కావాలి. ఇల్లు కట్టినప్పుడు గోడలో వేయించిన వైరు అది. నాలుగే కనపడ్డాయి.

ఆ కుర్రాడినే పిలిపించాను. కొత్త వైరు గోడ వెంబడి లాగుతూ, "ఈసారి ఫోన్లో ఏం అనలేదంట కద సార్, మా ఆఫీసులో అనుకున్నారు" అన్నాడు. మా ఆవిడ టీ తెచ్చింది, ఈసారి తాగాడు. డౌన్‌లోడ్ మళ్లీ పెట్టాం. 22.4, 22.7, 22.5 దగ్గర ఊగుతోంది. నేను పెదాలు కదుపుతూ రెట్టింపులు చేసుకుంటుంటే అతను కప్పు కింద పెట్టి ప్లయర్ జేబులో వేసుకున్నాడు.